కడిగిన గిట్టలు

సెప్టెంబరు 4
నో గ్రోత్. మళ్ళీ. ఇది నాలుగో శాంపిల్. ప్లేటులో ఒక్క బ్యాక్టీరియా పెరగలేదు, కడిగిన కంచంలా ఉంది.

పశువైద్యంలో ఎం.వి.ఎస్సీ. థీసిస్‌కి ఆవుల గిట్టల మధ్య పుండు చేసే బ్యాక్టీరియాని ఎంచుకున్నది నేనే, ఎవరినీ అనడానికి లేదు. ఇది గాలి తగిలితే చచ్చే రకం, ఓపిక కావాలమ్మా అని గైడుగారు ముందే చెప్పారు. నాకు ఓపిక లేదని మా అమ్మ ఇరవై నాలుగేళ్ళుగా చెబుతూనే ఉంది.

సెప్టెంబరు 6, సాయంత్రం
ప్రత్తిపాడు వెళ్ళొచ్చాను. నేను శాంపిల్స్ తీస్తున్న పున్నమ్మగారి ఆవు వెనక కుడికాలు నేలకి ఆనించడం లేదు. ఊరి పశువుల డాక్టరుగారు రెండుసార్లు ఇంజెక్షన్ల కోర్సు ఇచ్చారు. తగ్గినట్టే తగ్గి తిరగబెడుతోంది. పాలు ఆరు లీటర్ల నుంచి రెండుకి పడిపోయాయి. కుంటిదాన్ని ఎన్నాళ్ళని మేపుతాం, దసరా దాటాక సంతకి తోలేస్తా అని వాళ్ళాయన ఆదెయ్యగారు నా ముందే తేల్చేశారు. పున్నమ్మ కాఫీ గ్లాసు నా చేతికిచ్చి కళ్ళు ఒత్తుకుంది.

ఆవుని ఎప్పటిలాగే వాకిట్లో కట్టేశారు. కాలు ఎంత శుభ్రంగా ఉందో! ఎంత శ్రద్ధండీ మీకు అని మెచ్చుకున్నాను.

బస్సులో శాంపిల్ సీసా ఒళ్ళో పెట్టుకున్నాను. పక్క సీటామె అందులో ఏముందమ్మా అంది. పుండు రసి అన్నాను. సీటు మారిపోయింది.

సెప్టెంబరు 10
నో గ్రోత్. ఏడ్చాను. తర్వాత పునుగులు తిన్నాను.

సెప్టెంబరు 13
ఫోన్‌లో ఛార్జింగ్ లేక చెప్పకుండా వెళ్ళాను. ఆవు వాకిట్లో లేదు. వెనక పాకలో మోకాలిలోతు నల్లరేగడి బురదలో, పేడలో నిలబడి ఉంది. పాక చూడటం నాకిదే మొదటిసారి.

పున్నమ్మ కంగారుపడిపోయింది. చెప్పకుండా వచ్చావేందమ్మా, కాసేపు కూర్చో అంటూ వేడినీళ్ళ బిందె, వేపాకు కషాయం, పాత చీరముక్క పట్టుకుని పరిగెత్తింది. అప్పుడు వెలిగింది నాకు. వస్తున్నానని నేను ఫోన్ చేసిన ప్రతిసారీ ఈవిడ ఆ కాలిని పెళ్ళికూతురి కాలిలా తోమి, తుడిచి, ఆరబెట్టి ఉంచుతోంది, ఇక నా బ్యాక్టీరియా ఎక్కడ మిగులుతుంది! నేనేమో శ్రద్ధ అని మెచ్చుకున్నాను, బుర్రలేనిదాన్ని.

ఎందుకండీ ఇలా చేశారని అరిచాను. చదువుకున్న పిల్లవి, పేడకాలు నీ చేతికెట్టా ఇస్తామమ్మా, మా పరువేం గాను అంది. బిందె లాక్కుని, శాంపిల్ తీశాకే కడగనిచ్చాను.

సెప్టెంబరు 17
గ్రోత్! గ్రోత్! గాలి తగలకుండా మూసిన జార్ తెరవగానే కంపు, ల్యాబ్ అంతా కిటికీల దగ్గరికి పరుగు. మైక్రోస్కోపు కింద పొడుగాటి దారాల్లా ఉన్నాయి. థీసిస్ బతికింది.

అన్నం తింటుంటే ఆవు గుర్తొచ్చింది. నా పని అయింది. దానిది కాలేదు. దసరా పదిహేను రోజుల్లో ఉంది.

సెప్టెంబరు 18, ఉదయం 7
ఆ కాలు పొడిగా ఉండేది నేను వెళ్ళే రోజున మాత్రమే. మిగతా రోజులన్నీ బురదే. రోజూ కడిగి ఆరబెట్టమని డాక్టరుగారు చెబుతూనే ఉన్నారు. మిరప నాట్లు వదిలేసి ఎవరు కడుగుతారు? కానీ పరువు కోసమైతే తీరిక దానంతటదే వస్తుంది కదా.

ఫోన్ చేశాను. పున్నమ్మగారూ, ఇవాళ్టి నుంచి రోజూ వస్తానండీ అన్నాను. రోజూనా అంది, నీరసంగా. రోజూ అన్నాను. డాక్టరుగారిని బతిమాలి ఇంజెక్షన్లు మళ్ళీ మొదలుపెట్టించాను.

సెప్టెంబరు 23
మూడు రోజులు వెళ్ళాను. రెండు రోజులు వస్తున్నానని ఫోన్ చేసి, తీరా బస్సు తప్పిందన్నాను. అబద్ధం. ల్యాబ్‌లో ఉన్నాను.

ఆదెయ్యగారు పాకలో ట్రాక్టరు ఇసుక తోలించారు. ఆవు కోసం కాదట. డాక్టరమ్మ చెప్పులు, అంటే నావి, పాడవుతున్నాయట.

సెప్టెంబరు 28
కాలు ఆనిస్తోంది. నాలుగు లీటర్లు.

అక్టోబరు 4
దసరా దాటింది. ఆదెయ్యగారు సంత మాట ఎత్తలేదు. నేనూ అడగలేదు. పుండు చూద్దామని వంగాను. ఆవు నన్ను ఒక్క తన్ను తన్నింది. కుడికాలితోనే! మోకాలు వాచింది. బస్సులో నవ్వుతూనే ఉన్నాను.

నవంబరు 11
పొద్దున్నే ఫోన్ చేశాను, వస్తున్నానండీ అని. రావని తెలుసులేమ్మా, ఎప్పుడో కడిగేశా అంది.