ఫ్రీజర్‌లో మిగిలిన పొట్లం

కోరుట్ల, మంగళవారం రాత్రి

ఆయన దుబాయిలో దిగి సాయంత్రం ఫోన్ చేశాడు. నేను వేయించి, ఫ్రీజర్‌లో గడ్డకట్టించి పంపిన మటన్ రూములో అందరూ తిన్నారట. "మస్తుగున్నది. సగం రేపటికి ఉంచిన" అన్నాడు. ఎంత సంతోషపడ్డానో.

ఇందాక ఐస్ కోసం ఫ్రీజర్ తెరిస్తే, ఆదివారం తారీఖు రాసి నేను చీటీ అతికించిన పొట్లం అక్కడే ఉంది. మరి పోయిందేది? పండక్కి వండి దాచింది ఒకటి, పోయిన వారం కరెంటు పోయినప్పుడు కరిగి మళ్లీ గడ్డకట్టింది. పారేద్దామని చీటీ పీకి ఫ్రీజర్‌లోనే పైన పెట్టాను. పెట్టె సర్దింది అత్తమ్మ. లేపి అడిగాను.

"రెండు ఒక్క తీరుగనే ఉండె బిడ్డా. చీటీ సూడకుండ పైనున్నది పెట్టిన. ఏమైంది?"

ఏమీ లేదన్నాను. ఆయన ఫోన్ స్విచాఫ్. మిగిలింది తినొద్దని మెసేజ్ పెట్టాను. ఇంకా ఒక్క టిక్కే. ఆ చీటీ పీకకుండా ఉంటే...

ఫోన్ పెట్టేసే ముందు ఆయన నవ్వుతూ అన్న మాటే చెవిలో తిరుగుతోంది. "మిగిలినదాని మీద నీ లెక్కనే ఇయ్యాల తారీఖు రాసి ఫ్రిజ్‌ల పెట్టిన."

ఇక ఎవరు తీసి చూసినా అది తాజాదే అనుకుంటారు.