ఆ గేటుకే వస్తాను

లాంకషైర్, 1956 మార్చి 9

నాన్నా, ప్రాణానికి భయం లేదని ముందు అమ్మతో చెప్పు. శనివారం ఆట మొదలైన పది నిమిషాలకే నా మోకాలు పటుక్కుమంది. బదులు మనిషిని దింపే వీలు లేదుగా. "అంచున ఊరికే నిలబడరా, ఎవడికి తెలుస్తుంది?" అన్నాడు కోచ్. అవతలివాళ్లకు తెలిసింది. గంటసేపు నా మీదికే వచ్చి పడ్డారు. ఇక జన్మలో ఆడలేనని డాక్టరు తేల్చేశాడు. ఆ కోచ్ వెధవ ఇంతవరకూ మొహం చూపించలేదు.

నా మంచం కింది గదిలో వేయించు. చెల్లి కైన్వెన్‌కు దగ్గు తగ్గిందా? అమ్మకూ దానికీ నా ముద్దులు.

జీతం తీసుకుని లీగ్ రగ్బీ ఆడుతున్నానని నిరుడు మన వేల్స్‌లో, జీతం ముట్టని యూనియన్ రగ్బీ ఆడే మన ఊరి మైదానంలోకే నన్ను రానివ్వలేదు. గేటు దగ్గర టికెట్లు చించుతూ "రూల్ రూలేరా" అన్నది నువ్వే. ఈస్టరుకు చంకకర్రల మీద నేరుగా ఆ గేటుకే వస్తాను. అప్పుడు అను ఆ మాట, వింటాను.

ఇద్వల్