పురిటి స్నానానికి కరెంటు నీళ్లు

రాయపూర్, రైల్వే క్వార్టర్లు
9 డిసెంబరు 1954, మధ్యాహ్నం

ప్రియమైన అన్నమ్మకి,

...కుళాయిలోంచి చుక్క కూడా రావడం లేదని రాస్తుండగానే నిన్న అమ్మ పిలిచేసింది. అందుకే ఇది రెండో కాగితం. విశాఖపట్నంలో మీరంతా కులాసా అని తలుస్తాను. ఇక్కడా కులాసాయే.

నేను చెబుతున్నది మా కరెంటు డ్రమ్ము సంగతి. తాయారక్క పురిటికొచ్చాక, పొగలో దగ్గుతూ నీళ్లు కాచే నాయనమ్మని చూడలేక, ఊళ్లోనే తెలీబంధా పేటలో బంగ్లా ఖాళీ చేసిన దొర సామాన్ల వేలంలో నాన్న కొన్నాడు. రాగిది. పైన మూత తీసి బిందెలతో నీళ్లు పోసి, మీట నొక్కి, కింద కుళాయి తిప్పాలి. వారం తిరక్కుండా అది పాడైంది. రేపేమో అక్కకి పదకొండో రోజు స్నానం.

నూకరాజు అనే ఫిట్టరు గుఢియారీ నుంచి వచ్చి, డ్రమ్ముకి చెవి ఆనించి, స్పానరుతో మూడు దెబ్బలు కొట్టి, మిషను ఖరాబైపోనాదనీ, కలకత్తా పంపాలనీ చెప్పి టీ తాగి వెళ్లాడు. నాన్న నా వైపే చూశాడు. పోయినేడు గోడ గడియారం విప్పింది నేనేగా.

"నువ్వు దీని మీద చెయ్యేసినట్టు తేలిందా, డ్రమ్ము మళ్లీ వేలానికి, నువ్వు బడి మానేసి వంటింట్లోకి" అన్నాడు.

ఈ పొద్దున్న ఆయన డ్యూటీకెళ్లగానే స్నానాలగది గడియ పెట్టుకున్నాను. డ్రమ్ము వచ్చిన పెట్టె అడుగున దాని వాడకం చెప్పే ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఎవరూ చూడకుండా పడి ఉంది. ముందు మెయిన్ ఆపమంది, ఆపాను. ఫ్యూజు చూడమంది, తీగె కాలిపోయి ఉంది. కుళాయి కన్నం చూడమంది. మూత తీస్తే ఏముందనుకున్నావు? నల్లగా ఉడికిన ఆకు ముద్ద! అది నీళ్లతో పొంగి, ఒలికి, బయట తీగె అతుకుని తడిపేసింది, ఫ్యూజు కాలింది అందుకే. ఆకు ఎవరు వేశారో అడక్కు. గుప్పిళ్లతో తోడేసి, చీపురు పుల్లతో కన్నం పొడిచి, అతుకు పొడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాను. లోపలి కడ్డీకి సున్నంలా తెల్లటి పెచ్చు కట్టింది. నాయనమ్మ ఇత్తడి తోమినట్టు చింతపండుతో తోమాను. కొత్త ఫ్యూజు తీగె చుట్టి, నీళ్లు నింపి, చేతులు తుడుచుకుని, చెక్కపీట మీద నిలబడి మీట నొక్కాను. అరగంటకి కుళాయి కింద వేలు పెడితే చుర్రుమంది. నోరు మూసుకుని నవ్వుకున్నాను.

భోజనానికొచ్చిన నాన్న ఆవిరి చూసి నూకరాజుకి కబురు పెట్టాడు. తను కొట్టిన దెబ్బలకే సర్దుకున్నాదని అతను ఛాతీ విరిచాడు. అమ్మ అతనికి గారెలు పెట్టమంది. చింతపండు అంటిన గోళ్లు కనబడకుండా వేళ్లు మడుచుకుని నేనే వడ్డించాను! అక్క పసివాణ్ణి ఊపుతూ, రేపు తనివితీరా పోసుకుంటానని ఒకటే మురిసిపోతోంది.

నీ
గంగాభవాని

తా.క. చదివి చింపెయ్యి. ఆ ఆకు వేసింది నేనే. బాలింత ఒళ్లు నొప్పులకి నాయనమ్మ రోజూ పొయ్యి మీద వావిలాకు కాస్తోంది కదా, అదీ డ్రమ్ములోనే కాగితే ఆవిడకి పొగ బాధ ఉండదనుకుని ఒక కట్ట తీసి పడేశాను.

తలుపు కొడుతున్నారు. నాయనమ్మే. గొంతు తగ్గించి ఏదో చెబుతోంది.

"ఒలే భవానీ, రేపు ఆకు గుడ్డలో మూటకట్టి ఎయ్యాల. ఉత్తినే పడేస్తే మళ్లీ అడ్డుపడిపోద్ది. మీ నాన్నకి చెప్పకు."

కాగితాలు పరుపు కింద దాచేస్తున్నాను.