మళ్ళీ మొలిచే వంటచెరకు

యూనివర్సిటీ హాస్టలు,
8 జులై 1968

మెస్సు కాంట్రాక్టరు కొమురెల్లికి,

బొగ్గు, కిరసనాయిలు ఒకసారి కాలిస్తే మళ్ళీ పుట్టవు. చెట్లు మళ్ళీ మొలుస్తాయి. పదేళ్ళుగా దీనిమీదే పుస్తకం రాస్తున్నాను, నాకు తెలుసు. రేపటినుంచి మొలిచేదానితోనే వండు. మెస్సులో బొగ్గు కనబడిందో, నెలాఖరుకు నీ కాంట్రాక్టు రద్దు.

ఇట్లు,
చెన్నకేశవులు, వార్డెను

తా.క.: నా స్నానానికి రెండు బిందెల వేడినీళ్ళు మాత్రం యథాప్రకారం పంపు.

తార్నాక,
10 జులై

వార్డెన్ సారుకు కొమురెల్లి దండాలు పెట్టి రాసుకునేది.

ఇంట్ల ఆరుగురం తినేటోళ్ళం, ఈ కాంట్రాక్టే మా బువ్వ. మీ మాట దాటుతనా? మీ క్వార్టర్ ఎనక యాపచెట్టు కొట్టిచ్చిన. పచ్చికట్టె గదా, పొగకు పోరగాండ్లందరు ఏడ్చుకుంట తిన్నరు. వంట మంచిగనే ఉండె.

మీ కొమురెల్లి

తా.క.: మీ నీళ్ళు గూడ గా చెట్టుతోనే కాగినయ్. మంచిగున్నయా?

హాస్టలు,
11 జులై

ఓరి కొమురెల్లీ,

నలభై ఏళ్ళ చెట్టురా అది! మొలుస్తుందన్నాను గానీ, సాయంత్రానికల్లా మొలుస్తుందన్నానా? మా ఆవిడ సరోజమ్మ నిన్నటినుంచి నాతో మాట్లాడటం లేదు. ఇకమీదట పచ్చికొమ్మ ముట్టావంటే ఊరుకోను. రోజూ దానంతటదే వచ్చి పడేదే పొయ్యిలో పెట్టు. సంజాయిషీ మూడు కాపీలు పంపు.

చెన్నకేశవులు

తా.క.: ఈరోజు నీళ్ళు రాలేదు.

తార్నాక,
15 జులై

సారుకు దండాలు.

రోజు దానంతటదే వచ్చి పడేది ఏందా అని మస్తు పరేషానైన. ఆఖరికి దొరికింది. మీ మెమోలు! ఒక్కనాడు తప్పవు, ఎండకాలం గూడ ఎండవు. ఒక్కోటి మూడు కాపీలంటే ఇంకా బర్కతు, మూడింతల మంట. మీ ప్యూను పేరయ్యను పాత కాయితాలడిగితే, జాగ ఖాళీ అయితదని మీ ఆఫీసు బీరువనే ఊడ్చి ఇచ్చిండు. నాలుగు దినాలసంది సాంబారు గా కాయితాల మీదనే మసులుతున్నది.

మీ కొమురెల్లి

తా.క.: ఇయ్యాల అడుగున ఒక లావు కట్ట తేలింది. మీ చేతిరాతనే. 'ప్రకృతి వనరుల పొదుపు' అని ఉన్నది. సారూ, ఇది మళ్ళ మొలిచే రకమా, మొలవని రకమా? రేపు పొద్దుగాల ఉప్మా ఉన్నది, జెర జల్ది చెప్పుండ్రి.

హాస్టలు,
15 జులై, సాయంత్రం

మహారాజశ్రీ కొమురెల్లిగారికి,

నమస్కారాలు. మెమోలకు మూడేసి కాపీలు తీయించిన నేను, ఆ పుస్తకానికి ఒక్క కాపీ కూడా తీయించుకోలేదండీ. పదేళ్ళ చాకిరీ. మీకు దణ్ణం పెడతాను, పొయ్యి దగ్గర పెట్టకండి. కాచిగూడనుంచి రెండు బళ్ళ బొగ్గు తెప్పించుకోండి, అనుమతి చీటీ దీంతోనే ఉంది. మీ కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించాను.

భవదీయుడు,
చెన్నకేశవులు

తా.క.: వేడినీళ్ళు పంపకండి. చన్నీళ్ళే ఆరోగ్యమట.