మీటరు లైట్ల సంగతి

నాన్నగారికి, మేమంతా క్షేమం. ఈ కార్డు చదవగానే మీరు బెంగ వదిలేయాలి.

"స్పీడు మీటరు దగ్గర లైట్లు వణుకుతున్నట్టు కనిపిస్తున్నాయి, ఇక నా చూపు పనైపోయింది" అని మీరు డ్రైవింగ్ మానేసి, కారు నాకిచ్చేశారు కదా. నిన్న సాయంత్రం వానలో ఆఫీసు నుంచి వస్తుంటే, పక్కన కూర్చున్న మీ అల్లుడుగారు "ఏంటే, ఆ లైట్లు అలా మిణుకు మిణుకుమంటున్నాయి?" అన్నారు. చూద్దును కదా, నిజమే! భయం వేయాల్సింది పోయి, నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇవాళ పొద్దున్నే షెడ్డుకు తీసుకెళ్ళాను. ఎలక్ట్రీషియను బ్యాటరీ పరీక్షించి బాగానే ఉందన్నాడు. తర్వాత బ్యాటరీ నుంచి కారు బాడీకి వెళ్ళే ఎర్త్ వైరు కదిపితే, కదిపినప్పుడల్లా లైట్లు మిణుకుమన్నాయి.

"ఇదమ్మా దొంగ! బోల్టు తుప్పు పట్టి వదులైపోయింది. ఈ రోగం ఇవాళ్టిది కాదు" అన్నాడు.

తుప్పు గీకి, బోల్టు బిగించాడు. హెడ్‌లైట్లు, వైపర్లు అన్నీ ఒకేసారి వేసి చూశాం. మీటరు లైట్లు నిలకడగా వెలిగాయి.

అయినా కంటి డాక్టరుకు ఒకసారి చూపించుకోండి, కళ్ళజోడు నంబరు మారిందేమో. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? వంటింటి కుళాయి ఇంకా కారుతూనే ఉందా? మా చిన్నదాని నీలం స్వెటరు అక్కడే ఉండిపోయింది, తీసి ఉంచమనండి.

డాక్టరు సరేనన్నాక రాయండి, కారు తెచ్చి అప్పగిస్తాను. తిరుగు ప్రయాణానికి నన్ను బస్టాండు దాకా మీరే దిగబెట్టాలి.

అమ్మకూ మీకూ నమస్కరిస్తూ,
మీ పెద్దమ్మాయి