పది దినాలు గోధుమ మాని చూడమన్నావు

రాహేలూ,

నువ్వు గెలిచినావు. ఈ మాట నీకు చేరదని తెలిసే రాస్తున్నాను.

రేషను గోధుమలు వచ్చినప్పటి నుంచే మన మరియకు కడుపుబ్బరం, బేదులు. "పది దినాలు గోధుమ మాని జొన్నసంగటి పెట్టి చూద్దామయ్యా" అని నువ్వు మొత్తుకుంటే, దేవుడిచ్చిన రొట్టెకు వంక పెడతావా అని కసిరినాను. నువ్వు పోయినాక కూడా ఆ రొట్టెలే పెట్టినాను. పన్నెండేండ్ల పిల్ల కట్టెపుల్ల అయింది.

మార్కాపురం ఆసుపత్రిలో డాక్టరు గోధుమ మాన్పించినాడు. గోధుమలోని జిగురు కొందరి పేగులకు పడదని దొరల దేశాల్లో కనిపెట్టినారంట. రోజూ పిల్లను తూకం వేసినాడు. పిల్ల తేరుకుంది. అప్పుడు మళ్లీ గోధుమ పెట్టినాడు!

"బాగైన పిల్లకు ఇదేంది నాయనా?" అని ఎగిరినాను.

"లేకుంటే నీ ప్రార్థనకే తగ్గిందంటావు" అన్నాడు.

నాలుగు రోజులకే బేదులు తిరగబెట్టినాయి. మాన్పితే నిలిచినాయి.

వార్డులోనే బైబిలు తెరిచినాను. దానియేలు కూడా రాజు భోజనం వద్దని, పది దినాలు శాకధాన్యాలు పెట్టి తమ ముఖాలు చూడమన్నాడు కదా! ఇరవై ఏండ్లుగా పాస్టరుగా ఆ అధ్యాయం మీద గొంతు చించుకున్నవాణ్ణి. మన వంటింట్లో నువ్వు అదే అడిగితే గుర్తుపట్టలేదు.

మొన్న ఆదివారం బేస్తవారిపేటలో అదే ప్రసంగించినాను. "ఒక దైవజనురాలు ముందే చెప్పింది, ఆమె మొగుడే చెవిటోడు" అన్నాను. ముందు వరుసలో నుంచి మరియ, బుగ్గలు నిండిన మన మరియ, లేచి నిలబడింది.

"నాయనా, అమ్మ పేరు చెప్పు."

చెప్పినాను. కిటికీ రెక్కలు అదిరేట్లు మూడుసార్లు చెప్పినాను. మూడుసార్లూ సంఘమంతా ఆమేన్ అనింది.