అమ్మ ఆగిన చోటు

కడప, అక్టోబర్ 2005
రంజాన్ ఎనిమిదో ఒక్కపొద్దు

అమ్మ అరబ్బీలో ఖురాన్ గడగడా చదువుతుంది కానీ అర్థం తెలీదు. ఈరోజు తను చదువుతుంటే పక్కన కూర్చుని నేను తెలుగులో చెప్పాను. అనాథను కసురుకోవద్దన్న చోట అమ్మ ఆగిపోయింది.

"నలభై ఏండ్లుగా నేను చదువుతాండేది ఇదేనా?" అంది.

వంటింట్లో వదిన ఉంది. తల్లీ తండ్రీ లేని మనిషి. కూర ఉప్పయిందని తెల్లారుజామున సహరీ భోజనంలో అమ్మ ఆమెను ఎన్ని మాటలందో!

సాయంత్రం ఒక్కపొద్దు విడిచేటప్పుడు అమ్మ మొదటి ఖర్జూరం వదిన చేతిలో పెట్టింది. "నిన్ను శానా అన్నాను, మనసులో పెట్టుకోవద్దమ్మా" అంది.

మా అమ్మ! అర్థం చెవిన పడిన రోజే పాటించింది. ఎంత గర్వంగా ఉందో.

నేను ఆ అర్థం కాలేజీ రోజుల్లోనే చదివాను. వదిన తరఫున ఒక్కసారైనా నోరు విప్పలేదు.